ఐదు నిమిషాలు ఆగు, తాతా

కప్పు గోడకి తగిలి మూడు ముక్కలైంది.

టీ గోడ మీద నుంచి చారలుగా కారుతోంది. జోరమ్ ఆ చారల్నే చూస్తూ నిలబడ్డాడు, విసిరింది తను కాదన్నట్టు.

"చక్కెర తక్కువైందని నోటితో చెబితే ఇంకో చెంచా వేసేదాన్ని కదరా," అంది కేరినా అత్త, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "గోడకెందుకు పోశావు? దానికేమన్నా నీరసంగా ఉందా?"

"తక్కువ కాదు. ఎక్కువైంది."

"పొద్దున తక్కువన్నావు."

"పొద్దున వేరు, ఇప్పుడు వేరు! నన్నొదిలెయ్ అత్తా!"

ఆ అరుపుకి వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోళ్లు చెదిరిపోయాయి.

అత్త వంగి కప్పు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. తల్లి పోయాక జోరమ్‌ని వీపుకి కట్టుకుని మొక్కజొన్న చేను తవ్విన మనిషి ఆవిడ. ముప్పై ఏడేళ్లలో ఏనాడూ అతను ఆవిడ ముందు గొంతు పెంచలేదు. నిన్న ఆవిడ పల్లె నుంచి వచ్చి బస్సు దిగింది. అప్పటినుంచి ఇది ఐదోసారి.

అతనికి ఏడుపొచ్చింది. ఈ మూడు రోజుల్లో అదీ కొత్తే.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి దమ్ము. ఇవాళ శుక్రవారం, ఒంటిగంట. డెబ్బై గంటలైంది. నాలుగింటికి ఆసుపత్రిలో ఉండాలి.

నాలుగింటికి భార్య షూవైని మళ్లీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తారు. కాన్పు కుట్లు విడిపోయాయి. పాప పుట్టి పదకొండు రోజులు, రెండు నెలలు ముందే వచ్చేసింది, బరువు కిలో నాలుగొందల గ్రాములు. ఆసుపత్రిలో ఉన్న ఒక్క వెచ్చని పెట్టెలోనూ అప్పటికే ఇద్దరు పిల్లలున్నారు. అందుకని పదకొండు రోజులుగా షూవై పాపని బట్టలేకుండా తన ఛాతీకి కట్టుకుని కూర్చుంది. కంగారూలా. ఆమె లోపలికి వెళ్తే ఆ ఛాతీ ఎవరిది?

తనదే, అనుకున్నాడు జోరమ్. మంగళవారం గుమ్మం దాకా వెళ్లాడు కూడా. సిస్టర్ న్యామయారో చెయ్యి అడ్డం పెట్టింది.

"పాప నాన్నా, నీకంటే ముందు నీ వాసన వచ్చింది లోపలికి. ఈ ఛాతీ మీద పాపని పెట్టను. మూడు రోజులు ఒక్క దమ్ము లేకుండా, మంచి సబ్బుతో స్నానం చేసి, శుక్రవారం నాలుగింటికి రా. చూస్తాను."

"మిషనుందా, కనిపెట్టడానికి?"

"ఉంది," అంటూ తన ముక్కు మీద వేలు పెట్టింది సిస్టర్.

మూడు రోజులేగా అనుకున్నాడప్పుడు. పంతొమ్మిదేళ్లుగా పొగాకు బ్యారన్ దగ్గర, పచ్చాకుని వేడికి ఆరబెట్టే కొట్టం దగ్గర, పనిచేసేవాడికి మూడు రోజులొక లెక్కా? రెండు గంటలకోసారి థర్మామీటర్ చూడటం, పొయ్యిలోకి దుంగ తొయ్యడం, పాత పేపరు ముక్కలో ఆకు చుట్టి కాల్చడం. ఆ మూడూ కలిపి ఒకటే పని అతనికి. బ్యారన్‌ని స్నేహితుడికి అప్పగించి ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది, మొదటి రెండూ లేకుండా బతకొచ్చని.

సిస్టర్ ఒక కాగితం మీద రాసిచ్చింది, ఏమేం జరుగుతాయో. అది తలుపు వెనక మేకుకి గుచ్చి ఉంది. చిరాకు. చెమట. చేతుల వణుకు. తలనొప్పి. దగ్గు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. విపరీతమైన ఆకలి. నిద్ర పట్టదు, పడితే కలలు. ఇవన్నీ రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతాయి, తర్వాత దిగుతాయి. కోరిక మాత్రం అలలా వస్తుంది. ఒక్కో అల ఐదు నిమిషాలే. ఐదు నిమిషాలు నిలబడితే వెళ్లిపోతుంది. వారాలు గడిచినా అప్పుడప్పుడు ఒకటి వస్తూనే ఉంటుంది.

అది చదవగానే అతనికి అర్థమైంది. బ్యారన్‌లో ఆకు కూడా అంతే. తొలి రోజుల్లో రంగు తిరుగుతుంది, రేకు ఆరుతుంది. మధ్యలో ఉన్న లావుపాటి ఈనె మాత్రం ఆరనంటుంది. అన్నిటికన్నా ఆఖర్న, మొండిగా.

"తిన్నావా అసలు?" అంది అత్త, ముక్కలు చేటలో వేస్తూ.

"నాలుగు చెరకు గడలు నమిలాను."

"ఏనుగు కూడా సిగ్గుపడుతుందిరా. నిద్ర?"

ఇక్కడే పొరపాటు చేశాడు. నిజం చెప్పాడు.

"తెల్లారగట్ల ఓ కునుకు పట్టింది. తాత వచ్చాడు కలలోకి. బ్యారన్ లోపల, వేలాడే ఆకుల కింద కూర్చున్నాడు. చెయ్యి చాచాడు. 'నిప్పుందా?' అన్నాడు."

అత్త చేతిలోని చేట ఆగిపోయింది.

"ఎవరి తాత?"

"మా తాతే. మీ నాన్న."

అత్త అతని చేతుల వంక చూసింది. వేళ్లు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట. ఫిబ్రవరి అంటే ఇక్కడ వానాకాలం; బయట వాన పడి చల్లబడిన గాలి, అయినా చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉన్నట్టుండి అరుపులు, ఉన్నట్టుండి ఏడుపు, పట్టనంత ఆకలి.

ఆవిడ చేట కింద పెట్టింది. చెప్పులు విడిచింది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, మోకాళ్లు పటపటమంటుండగా, సిమెంటు నేల మీద కాళ్లు ఒక పక్కకి ముడుచుకుని కూర్చుంది. అరచేతులు గుంటగా చేసి, మెల్లగా, ఒకదాని మీద ఒకటి తట్టసాగింది. ఆ చప్పుడు పెద్దల సమాధుల దగ్గర తప్ప ఈ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు.

"ముకన్యా," అంది. అది కోతి వంశం మగవాళ్లని మర్యాదగా పిలిచే పిలుపు. జోరమ్ పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోటి నుంచి 'ఒరేయ్' తప్ప వినలేదు. "ముకన్యా, నాన్నగారూ. వచ్చారా?"

జోరమ్ ఒళ్లు జలదరించింది.

"అత్తా, నేను. జోరమ్‌ని."

"వాడున్నాడు. వాడి వెనక మీరున్నారు. పోయిన ఇరవై రెండేళ్లకి దారి దొరికిందా నాన్నగారూ?" ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, మొహంలో మాత్రం ఏడుపు లేదు. చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. "ఎవరి మీదికి వస్తారా అని ఇన్నాళ్లూ చూశాం."

"ఇది పూనకం కాదత్తా. సిగరెట్టు మానేసినందుకు. అదిగో, సిస్టర్ రాసిచ్చింది. వణుకు, చెమట, కోపం, అన్నీ ఉన్నాయి అందులో."

"కల?"

"కలలొస్తాయని కూడా ఉంది."

"ఎవరొస్తారో ఉందా?"

జోరమ్ తలుపు వెనక కాగితం వంక చూశాడు.

అత్త నడుముకి చెక్కుకున్న చిన్న కొమ్ము తీసింది. ముక్కుపొడి కొమ్ము. తాతదే అది, చేతులు పట్టిపట్టి నల్లగా, గాజులా నున్నబడింది. మూత తీసి రెండు చేతులతో అతని ముందుకి చాచింది.

"పుచ్చుకోండి. మీకిష్టమైనదే. ఇది పుచ్చుకుంటే గానీ మీరు నిమ్మళించరని నాకు తెలుసు."

వాసన వచ్చింది.

పంతొమ్మిదేళ్లుగా పొగాకు మధ్య బతికిన మనిషికి పొగాకు వాసన అంటే ఏమిటో ఇవాళే తెలిసింది. మూసుకుపోయిన ముక్కు మూడు రోజుల్లో ఎప్పుడు తెరుచుకుందో! ఎండిన ఆకు ఒక పొర, కాల్చిన బూడిద ఒక పొర, ఆ అడుగున తాత కోటు, తాత గడ్డం, తను ఆయన ఒళ్లో కూర్చున్న ఎండపొద్దు. అన్నీ ఆ కొమ్ములోంచి లేచి మొహానికి తగిలాయి. దానితోపాటు అల లేచింది.

నోట్లో నీళ్లూరాయి. పళ్ల చిగుళ్లు దురద పెట్టాయి. ఛాతీలో ఎవరో తాడు వేసి లాగుతున్నారు.

ఇది పొగ కాదు కదా, అంది లోపలెవరో. సిస్టర్ దమ్ము అంది, ముక్కుపొడి అనలేదు. పైగా పెద్దవాళ్ల ప్రసాదం.

అతని చెయ్యి లేచింది. అది లేవడం తనే చూశాడు.

"ఒక్క చిటికెడు," అంది అత్త. "వణుకు ఆగితే నాన్నగారు. ఆగకపోతే సిస్టర్. తేలిపోతుంది."

వేళ్లు కొమ్ము అంచుకి తగిలి ఆగాయి.

"ఆగుతుంది అత్తా," అన్నాడు జోరమ్. "నువ్వు చెప్పింది నిజమైనా ఆగుతుంది, సిస్టర్ చెప్పింది నిజమైనా ఆగుతుంది. ఇది అడిగేదీ పొగాకే, ఊరుకోబెట్టేదీ పొగాకే. ఇందులో ఏమీ తేలదు."

"అయితే మా నాన్నని గుమ్మంలోంచి వెనక్కి పంపమంటావా? నీ నోటితో చెప్పు."

ఎలా చెబుతాడు? అతనిలో సగం ఆ కలని నమ్మింది. ఆ చాచిన చెయ్యి, ఆ గోళ్లు, అచ్చం అవే.

బయట ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారు.

"ఐదు నిమిషాలు," అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"తాతనే అడుగుతున్నా." అతను కూడా నేల మీద కూర్చున్నాడు, అత్తకి ఎదురుగా, కొమ్ము ఇద్దరి మధ్యా. "ఐదు నిమిషాలు ఆగు, తాతా. తర్వాత మాట్లాడుకుందాం."

అత్త గొంతు సవరించుకుంది. "ఇరవై రెండేళ్లు ఆగినవాడు ఐదు నిమిషాలు ఆగడా. ఆగుతాడు."

జోరమ్ ఫోను తీసి కొమ్ము పక్కన పెట్టాడు. ఒకటీ పన్నెండు.

మొదటి నిమిషం సులువుగానే పోయింది. రెండో నిమిషంలో చొక్కా వీపుకి అతుక్కుంది. అత్త అరచేతులు మెల్లగా తడుతూనే ఉంది. మూడో నిమిషంలో ఆ చప్పుడు నెత్తి మీద సుత్తిలా తగిలింది. 'ఆపు!' అని అరవబోయి పళ్లు బిగించాడు. పిడికిళ్లు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. బ్యారన్‌లో వేడి ఎక్కువై ఆకు మాడబోయే క్షణం అతనికి తెలుసు. అప్పుడు కంగారుపడి తలుపు తెరిచినవాడు మొత్తం ఆకుని పాడుచేస్తాడు. తెరవకూడదు. చూస్తూ ఉండాలి.

నాలుగో నిమిషంలో ఏమీ ఆలోచించలేకపోయాడు.

ఒకటీ పదిహేడు.

ఎవరో తాడు వదిలేసినట్టయింది. ఛాతీ ఖాళీ అయింది. ఊపిరి లోపలికి పోయింది, అడుగుదాకా, ఎన్నేళ్లుగానో పోని చోటికి. దాంతోపాటు తడి మట్టి వాసన, అత్త కట్టుకున్న బట్ట మీది కట్టెపొగ వాసన. తొడల కింద నుంచి చేతులు తీసి చూసుకున్నాడు. వణుకు పోలేదు గానీ సగానికి సగం తగ్గింది.

అత్త కూడా చూసింది. ఆవిడ చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమీ పుచ్చుకోకుండానే," అంది నోరు తెరిచి. "ఆగాడు. మా నాన్న ఆగాడురా! బతికుండగా మా అమ్మ చెబితే అన్నం దగ్గర కూడా ఆగేవాడు కాదు."

జోరమ్‌కి నవ్వొచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి.

"తాతా," అన్నాడు గాలిలోకి. "నువ్వే అయితే విను. పాప రెండు కిలోలు అయ్యేదాకా నన్నొదిలెయ్యి. ఆ తర్వాత నా మీదికి వస్తావో, నన్నేం చేస్తావో నీ ఇష్టం."

అత్త కొమ్ములోంచి చిటికెడు తీసి నేల మీద రాల్చింది, పుట్టిన పిల్ల సంగతి పేరుపేరునా పెద్దలకి చెప్పుకుంది. లేస్తూ ఆ వేళ్లతోనే అతని చొక్కా గుండీల మధ్య నుంచి ఛాతీ తాకి దీవించింది.

ఆ తాకుడు జోరమ్ పట్టించుకోలేదు. అప్పటికే స్నానం అయిపోయింది, మళ్లీ కడుక్కోలేదు.

* * *

అత్తతో కలిసి ఆసుపత్రికి నడిచి వెళ్లే దారిలో మూడు కొట్లు. మూడింట్లోనూ విడి సిగరెట్లు. మూడో కొట్టు దగ్గర మళ్లీ అల లేచింది. వార్డు గుమ్మం ఎక్కేసరికి వేళ్లు మళ్లీ తాళం వేస్తున్నాయి.

షూవై మంచం మీద వాలి కూర్చుంది. ఆమె రెండు రొమ్ముల మధ్య, బట్ట కింద, ఊలు టోపీ ఒకటి. టోపీ కింద ఏముందో గుమ్మం నుంచి కనపడదు.

"వచ్చావా, ముకన్యా," అంది. మొహం జ్వరంతో పాలిపోయి ఉంది.

"వచ్చా."

"నిన్న ఫోన్లో నా మీద అరిచావు."

జోరమ్ నేల వంక చూశాడు.

"నా మీద అరిస్తే పడతాను. దీనిమీద అరిస్తే..." ఆమె టోపీ సవరించింది. "ఇది అరుపులు వినేంత పెద్దది కాలేదు."

"అరవను."

"ఒట్టు?"

"ఒట్టు కాదు. ఐదేసి నిమిషాల చొప్పున, అరవను."

షూవైకి అర్థం కాలేదు గానీ మొహం కాస్త తేటపడింది.

సిస్టర్ న్యామయారో వచ్చింది. అతని జుట్టు వాసన చూసింది. వేళ్లు చూసింది. చొక్కా విప్పమని ఛాతీ దగ్గరికి వంగి, ఠక్కున ఆగిపోయింది.

"ఇదేంటి?"

ఛాతీ మధ్యలో గోధుమరంగు మరక, రెండు వేళ్ల ముద్ర.

"ముక్కుపొడి," అంది సిస్టర్, ఒక్కో అక్షరం విడివిడిగా. "మూడు రోజులు అన్నాను నేను."

"మా అత్త దీవించింది. పీల్చలేదు సిస్టర్."

"నాకందరూ అదే చెబుతారు."

తోపుడు మంచం గుమ్మంలో వచ్చి ఆగింది. షూవై కళ్లు మూసుకుంది. కిటికీ జాలీ అవతల నిలబడ్డ అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అంత మాట పడ్డా జోరమ్ అరవలేదు. రెండు చేతులూ చాచాడు, అంతే.

సిస్టర్ ఆ చేతుల్ని చూసింది. తన చేతుల్లోకి తీసుకుంది. అవి ఆమె పట్టులో కూడా పిట్టల్లా కొట్టుకుంటున్నాయి.

ఆమె మొహం మారింది.

"పీల్చినవాడి చెయ్యి ఇలా వణకదు," అంది నెమ్మదిగా. "వెళ్లు. సబ్బుతో రెండుసార్లు కడుక్కుని రా. పరిగెత్తు!"

నాలుగయ్యేసరికి పాప అతని ఛాతీ మీద ఉంది.

ఎండిన ఆకు కట్ట పట్టి బరువు చెప్పగల చేతులు అతనివి. ఈ బరువు చేతులకి అందలేదు. ఎముకలకి అందింది. చర్మం కింద కండే లేనట్టుంది. వేలి గోరంత చెవి. అతని గుండె రెండుసార్లు కొట్టుకునేలోపు ఆ గుండె నాలుగైదు సార్లు కొట్టుకుంటోంది. వంగి ఆ టోపీ మీద ముక్కు పెట్టాడు. పాలు, నూనె, ఇంకేదో. పేరు లేనిది. మూడు రోజుల కిందటైతే ఈ వాసన తనకి తెలిసేదే కాదు. జీవితమంతా తెలియకుండానే పోయేది. ఆ సంగతి తల్చుకుని కదలకుండా ఉండిపోయాడు.

"ఊపిరి మధ్యలో మర్చిపోతుంటుంది," అని చెప్పింది సిస్టర్. "భయపడకు. లెక్కపెడుతూ ఉండు. ఆగితే అరికాలి మీద వేలితో రాయి. గుర్తొస్తుంది దానికి. రెండు గంటలు ఓపిక పట్టు, వాళ్లమ్మ వచ్చేస్తుంది."

రెండు గంటలు. ఇరవై నాలుగుసార్లు ఐదు నిమిషాలు. పట్టొచ్చు.

నాలుగున్నరకి సిస్టర్ తిరిగొచ్చింది. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి.

"పాప నాన్నా, లోపల చీము చాలా ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. పాలు పిండిపెట్టి వెళ్లింది, నేను తాగిస్తాను. కానీ ఆమె రేపటిదాకా రాదు. ఎల్లుండే కావచ్చు." పాప టోపీ సవరించింది. "నీ బదులు పెట్టడానికి ఇక్కడ వేరే ఛాతీ లేదు."

బయట బండి తలుపు మూసిన చప్పుడైంది. చక్రాల కింద కంకర నలిగింది. దూరమైంది.

"ఏయ్, సిస్టరమ్మా!" కిటికీ అవతల నుంచి అత్త గొంతు. "నాక్కూడా మూడు రోజులేనా?"

"ఏమిటి నాయనమ్మా?"

అత్త నడుము దగ్గర నుంచి కొమ్ము తీసింది. మూత తీసి పూలమొక్కల పాదులోకి తలకిందులుగా వంపింది. అడుగున అంటుకున్నది కూడా తట్టి తట్టి రాల్చింది. తను యాభై ఏళ్లుగా పీల్చిన అలవాటు, తడి మట్టి మీద గుప్పెడు పొడి.

"మొత్తం నాన్నగారికే ఇచ్చేశాను," అంది. "ఇంక ఆయన అడగడు. సోమవారానికి నేనూ ఒక ఛాతీనే. అప్పటిదాకా ఆగరా, ముకన్యా."

జోరమ్ తలూపాడు. అప్పుడే లేచింది అల, ఇవాళ వచ్చిన అన్నిటికంటే పెద్దది. చిగుళ్లు, గొంతు, ఛాతీ. తొడల కింద పెట్టుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. గడియారం వైపు చూడకుండా పాప ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

నలభై రెండు రాలేదు.

ఆగాడు. ఇంకా రాలేదు. చిన్న వీపు కదలడం లేదు. వేలు అరికాలి మీద పెట్టాడు. ఆ కాలు అతని బొటనవేలంత ఉంది. సిస్టర్ చెప్పినట్టు రాద్దామంటే వేలు మాట వినలేదు. అరికాలి మీద అది దడదడా వణికింది, అంతే.

ఆ వణుకే చాలింది. పాప ఉలిక్కిపడి గాలి పీల్చింది.

"నలభై రెండు," అన్నాడు జోరమ్. అతని చెంపల మీద నీళ్లు జారుతున్నాయి. తుడుచుకోలేదు.

కిటికీ అవతల అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది, ఖాళీ కొమ్ముని తడిమింది. ఆ చేతి వేళ్లు సన్నగా అదరడం మొదలుపెట్టాయి.